షటిల్ పాఠానికి ప్యానెల్ మంచిదా, ఫోన్ మంచిదా?

ఎనిమిదో తరగతిలో అరవై మంది పిల్లలు. షటిల్ బ్యాట్లు పన్నెండు. పీరియడ్ 45 నిమిషాలు. మా హైస్కూల్‌కి ప్యానెల్ (వేలితో నొక్కితే పనిచేసే పెద్ద తెర) వచ్చిన ఏడాది నేను ఆ పీరియడ్‌లో 25 నిమిషాల పాటు వీడియో పాఠం చూపించాను. పిల్లలు కదలకుండా చూశారు. తెర మీద వచ్చిన ప్రశ్నలకు పోటీ పడి వచ్చి జవాబులు నొక్కారు. "ఫోర్‌హ్యాండ్ పట్టు ఎలా ఉండాలి?" అని అడిగితే "షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు మేడం" అని క్లాసంతా ఒకేసారి అంది. ఆ తర్వాత గ్రౌండ్‌కి వెళ్లాం. బ్యాట్ చేతికి రాగానే చాలామంది దాన్ని అట్లకాడ పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

ఆ సాయంత్రం లెక్క వేసుకున్నాను. వీడియోకి 25 నిమిషాలు పోయాయి. లైన్లో నిలబెట్టడానికి, క్లాస్ నుంచి గ్రౌండ్‌కి రావడానికి ఎనిమిది పోయాయి. మిగిలింది పన్నెండు. పన్నెండు బ్యాట్లు, పన్నెండు నిమిషాలు, అరవై మంది. ఒక్కొక్కరి చేతిలో బ్యాట్ ఉన్నది రెండున్నర నిమిషాల లోపే. అదే ఆ వీడియో బదులు నాలుగు నిమిషాల క్లిప్‌ని గ్రౌండ్‌లోనే చూపించి, సర్దుకోవడానికి ఐదు నిమిషాలు తీసేస్తే 36 నిమిషాలు మిగులుతాయి. అప్పుడు ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు దొరుకుతుంది. దాదాపు మూడు రెట్లు.

షటిల్ నేర్పడానికి ఏ వీడియో, ఏ యాప్, ఏ పరికరం బాగుంటుందని తోటి పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు) అడిగినప్పుడల్లా నేను ముందు ఈ లెక్కే చెబుతాను. ఏ సాధనాన్నైనా రెండు ప్రశ్నలతో తూచండి. అది పిల్లల చేతిలో బ్యాట్ ఉండే సమయాన్ని ఎంత తినేస్తుంది? తెర మీద కనిపించేది ఎవరి ఆట, పిల్లదా, ఇంకెవరిదైనానా? ఇంటరాక్టివ్ అనగానే వేలితో నొక్కితే మారే బొమ్మ అనుకుంటాం. నా దృష్టిలో పిల్ల చేసిన పనికి తెర బదులు చెప్పాలి. పిల్ల కొట్టిన దెబ్బ పిల్లకే కనిపించాలి. నొక్కడం ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. వీటన్నిటినీ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో మట్టి కోర్టు మీద, ముగ్గుపిండితో గీసిన గీతల మధ్య వాడి చూశాను. పెద్ద అకాడమీలో చెక్క కోర్టు మీద నేర్పేవారికి కొన్ని మాటలు వేరుగా వర్తిస్తాయి. అవి చివర్లో చెబుతాను.

రెడీగా దొరికే వీడియో పాఠాలు

వీటిలో నేను ముందుగా సిఫార్సు చేసేది ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2012లో మొదలుపెట్టిన షటిల్ టైమ్. బడుల కోసమే తయారైంది, డబ్బు కట్టక్కర్లేదు. మొత్తం 22 పాఠాలు. ప్రతి పాఠానికీ చిన్న చిన్న క్లిప్పులు ఉంటాయి. ఒక్కో క్లిప్ ఒక్క పనినే చూపిస్తుంది. దానిలో నాకు బాగా నచ్చింది పాఠాల వరుస. మనం మామూలుగా పిల్లలకు ముందు వెనక నుంచి గట్టిగా కొట్టడం నేర్పుతాం. అది నెట్ దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి తీసుకెళ్తుంది. నెట్ దగ్గర కాక్ మెల్లగా వస్తుంది, చేతి ఊపు చిన్నగా ఉంటుంది, పట్టు సరిగా ఉందో లేదో పిల్లకే తెలుస్తుంది. ఆరో తరగతి పిల్లకు మొదటి రోజే క్లియర్ (కాక్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరిదాకా పంపే దెబ్బ) కొట్టమంటే అట్లకాడ పట్టుతోనే కొడుతుంది, ఎందుకంటే అలా పట్టుకుంటేనే కాక్ తగులుతుంది. ఆ అలవాటు తర్వాత వదిలించడానికి ఏడాది పడుతుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ క్లిప్పులు ప్రధానంగా టీచర్ కోసం తీసినవి. నేరుగా పిల్లల ముందు వేసి కూర్చుంటే లాభం తక్కువ. నేను ఇంటి దగ్గర చూసుకుని, పిల్లలకు ఒక్క క్లిప్ మాత్రం శబ్దం తీసేసి చూపిస్తాను. మాట నేనే తెలుగులో చెబుతాను. పరాయి మాటల వ్యాఖ్యానం నడుస్తుంటే పిల్లల చెవి అటు పోతుంది, కన్ను బ్యాట్ మీద నిలవదు.

యూట్యూబ్‌లో దొరికే శిక్షణ వీడియోలు చాలా ఉన్నాయి, కొన్ని నిజంగా గొప్పవి. కానీ మొదటి ఏడాది పిల్లలకు అవి ఎక్కువ బరువు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు అందుకున్నాడు. మన పిల్లలకు అది చూపించాలి, ఉత్సాహం కోసం తప్పక చూపించాలి. 2019 బాసెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు ఆటా చూపించాలి. కానీ వాటిని టెక్నిక్ పాఠంగా వాడొద్దు. ఏళ్ల తరబడి కట్టిన శరీరం చేసే పనిని పన్నెండేళ్ల పిల్ల అనుకరిస్తే భుజం నొప్పి వస్తుంది. టెక్నిక్ కోసం పిల్లకు చూపించాల్సింది ఇంచుమించు తన వయసు పిల్ల సరిగ్గా కొట్టే వీడియో. మీ బడిలోనే తొమ్మిదో తరగతిలో బాగా ఆడే పిల్లతో పది క్లిప్పులు తీసి పెట్టుకుంటే అంతకంటే మంచి పాఠం ఎక్కడా దొరకదు. "మన అక్కే కదా" అనుకుంటే పిల్లలకు "నేనూ చేయగలను" అన్న ధైర్యం వస్తుంది.

క్లాస్‌రూమ్ ప్యానెల్

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ప్రభుత్వ హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. ఉన్నదాన్ని వాడుకోవాలి, నిజమే. కానీ అది గోడకు బిగించి ఉంటుంది, కోర్టు బయట ఉంటుంది. నా మొదటి అనుభవంలో ఎనిమిది నిమిషాలు తినేసింది ఆ దూరమే. కాబట్టి ప్యానెల్‌ని నేను ఆట పీరియడ్‌లో ముట్టుకోను. జూలై వానల్లో గ్రౌండ్ చిత్తడిగా ఉన్న రోజున, మార్చిలో ఒంటిపూట బడులప్పుడు ఎండ నిప్పులు చెరుగుతున్న రోజున, అదీ కాకపోతే ఎవరైనా టీచర్ సెలవు పెట్టి ఖాళీ పీరియడ్ దొరికినప్పుడు వాడతాను.

అప్పుడు కూడా ప్యానెల్‌కి ఉన్న అసలు బలం వీడియో పెద్దగా కనిపించడం కాదు. ఆపిన బొమ్మ మీద పిల్లలు గీతలు గీయగలగడం. సర్వీస్ వీడియోని కాక్ తగిలే క్షణంలో ఆపి, "బ్యాట్ తల ఎటు చూస్తోంది? బాణం గీయి" అంటాను. ఒకరు గీస్తారు, ఇంకొకరు "కాదు మేడం" అని సరిచేస్తారు. లంజ్ (ఒక కాలు బాగా ముందుకు వేసి మోకాలు వంచడం) బొమ్మ ఆపి, మోకాలు నుంచి కిందికి నిలువు గీత గీయమంటాను. గీత పాదం మీద పడితే సరి, కాలి వేళ్లు దాటి ముందుకు పడితే మోకాలికి ప్రమాదం. మడమ ముందు ఆనాలన్న విషయం నేను నోటితో ఇరవైసార్లు చెప్పిన దానికంటే పిల్లలే ఆ గీత గీసిన రోజున బాగా ఎక్కింది.

కోర్టు కొలతలు, స్కోరు, సర్వీస్ ఏ గడిలోంచి చేయాలి లాంటివి నేర్పడానికి కూడా ప్యానెల్ బాగుంటుంది. 13.40 మీటర్ల పొడవు, డబుల్స్‌కి 6.10, సింగిల్స్‌కి 5.18 వెడల్పు అని రాయించడం కంటే పాయింటు పాయింటుకీ ఆటగాడిని సరైన గడిలోకి లాగి పెట్టమనే ఆట తయారుచేసుకోవచ్చు. మామూలు పవర్‌పాయింట్‌లో లింకులు పెట్టినా చాలు. ఒక ఆదివారం పూట కూర్చుంటే అయిపోతుంది.

మధ్యలో ఆగి అడిగే వీడియో

వీడియో నడుస్తూ నడుస్తూ ఆగి ప్రశ్న అడుగుతుంది, జవాబు చెబితేనే ముందుకు కదులుతుంది. ఇలాంటివి మనమే తయారు చేసుకోవడానికి హెచ్5పీ అనే ఉచిత సాధనం ఉంది. కంప్యూటర్‌లో నెట్ లేకుండా చేసుకోవాలంటే లూమి అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో చేసినదాన్ని మామూలు వెబ్ ఫైల్‌గా దాచుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ప్యానెల్ మీద తెరవవచ్చు. నెట్ సిగ్నల్ దాగుడుమూతలు ఆడే ఊళ్లలో పనిచేసేవారికి ఇది పెద్ద సౌకర్యం.

దీంతో చాలామంది చేసే పని "ఈ షాట్ పేరేమిటి?" అని అడగడం. అది జ్ఞాపకశక్తి పరీక్ష, ఆటకు పనికొచ్చేది తక్కువ. నేను వాడేది వేరే ప్రశ్న. ఎదుటివాడు కొట్టబోతున్నప్పుడు, బ్యాట్ కాక్‌ని తాకే ముందు క్షణంలో వీడియో ఆపేస్తాను. "కాక్ ఎక్కడ పడుతుంది? ముందా, వెనకా? కుడా, ఎడమా?" అబెర్నెతీ, రసెల్ అనే పరిశోధకులు 1987లో బ్యాడ్మింటన్ ఆటగాళ్లతోనే ఇలాంటి ప్రయోగం చేశారు. కొత్తవాళ్లు బ్యాట్‌ని మాత్రమే చూసి ఊహిస్తే, అనుభవం ఉన్నవాళ్లు బ్యాట్‌తో పాటు చేతి కదలికలోంచి కూడా సమాచారం తీసుకుంటున్నారని తేలింది. అంటే కాక్ ఇంకా బయలుదేరకముందే వాళ్లకు సగం తెలిసిపోతుంది. ఇది గ్రౌండ్‌లో మాటలతో నేర్పలేం. ఆటలో ఆ క్షణం ఆగదు కాబట్టి తెర మీద ఆపితేనే కుదురుతుంది. టెక్నాలజీ లేకుండా చేయలేని పని ఏదైనా ఉంటే అది ఇదే అనిపిస్తుంది నాకు.

కాకపోతే ఇలాంటి పది క్లిప్పులు కత్తిరించి ప్రశ్నలు పెట్టడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు కాదు, ఐదారు నెలలు ఆడి, ర్యాలీ (కాక్ కింద పడకుండా అటూ ఇటూ కొడుతూ ఉండటం) నిలబెట్టగలిగిన వాళ్లకు పెట్టండి.

ఆలస్యంగా చూపించే తెర

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాం.

ఒక ట్యాబ్ కానీ, పాత ఫోన్ కానీ తీసుకోండి. అందులో వీడియో డిలే యాప్ ఒకటి వేసుకోండి. ఆ పేరుతో వెతికితే ఉచితంగానే దొరుకుతాయి. కెమెరా ముందు జరిగేది పది, పదిహేను సెకన్ల తర్వాత అదే తెర మీద కనిపిస్తుంది. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. పిల్ల మూడు కాక్‌లు కొట్టి, నాలుగడుగులు వేసి తెర దగ్గరికి వస్తుంది. అప్పటికి ఆమె కొట్టిన మూడు దెబ్బలు తెర మీద నడుస్తుంటాయి. చూసుకుని లైన్ చివరికి వెళ్తుంది. ఈలోగా తర్వాతి పిల్ల కొడుతుంటుంది. క్యూ ఆగదు. నేను పక్క కోర్టులో ఇంకో గుంపును చూసుకోవచ్చు. అరవై మందికి ఒక్క టీచర్ ఉన్న చోట ఇది రెండో టీచర్ ఉన్నట్టే.

పిల్లలకు తమ చెయ్యి ఎలా కదులుతోందో తెలియదు, ఇది పెద్దలకూ అంతే. "మోచెయ్యి పైకెత్తమ్మా" అంటే "ఎత్తాను మేడం" అంటుంది. అబద్ధం కాదు, తనకు ఎత్తినట్టే అనిపిస్తుంది. తెర మీద చూసుకున్నాక మాత్రం నేను చెప్పక్కర్లేదు. మా బడిలో ఓ అబ్బాయి మొదటిసారి చూసుకుని "నేను పక్కకి తిరగట్లేదు మేడం, ఎదురుగా నిలబడి కొడుతున్నాను" అన్నాడు. రెండు వారాలుగా నేను వాడికి చెబుతున్న మాట అది. ఆ రోజు వాడే నాకు చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

మన వైపు ఊళ్లలో బాల్ బ్యాడ్మింటన్ ఆడి వచ్చిన పిల్లలుంటారు. వాళ్లకు ఈ తెర ప్రత్యేకంగా ఉపయోగం. ఉన్ని బంతి 27 నుంచి 30 గ్రాములు ఉంటుంది, షటిల్ కాక్ ఐదు గ్రాములు. బరువైన బంతికి అలవాటుపడిన చెయ్యి భుజం నుంచి మొత్తంగా ఊగుతుంది. షటిల్‌కి కావలసింది ముంజేయి తిరగడం, తాళంచెవి గట్టిగా తిప్పినట్టు. వాళ్ల కాళ్ల కదలిక బాగుంటుంది, కన్ను బాగుంటుంది, చెయ్యి ఒక్కటే మార్చుకోవాలి. ఇది మాటలతో చెబితే నొచ్చుకుంటారు, ఎందుకంటే వాళ్లు తమ ఊళ్లో మంచి ఆటగాళ్లు. తెర మీద చూసుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

దీన్ని ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. తల మీదుగా కొట్టే షాట్లకు బ్యాట్ చేతి వైపు, మూడు నాలుగు మీటర్ల దూరంలో, పిల్ల ఛాతీ ఎత్తున పెట్టండి. లంజ్‌కి కూడా పక్క నుంచే, కానీ మోకాలి ఎత్తున. పట్టు చూడాలంటే దగ్గరగా, వెనక నుంచి. సర్వీస్‌కి మరో చిట్కా ఉంది. ఇప్పటి నియమం ప్రకారం బ్యాట్ తగిలే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఉండాలి. రెండు కర్రల మధ్య ఆ ఎత్తున ఒక తాడు కట్టి, సర్వీస్ చేసేవారికి అవతల పక్కన ఉంచండి. ఫోన్‌ని కూడా సరిగ్గా 1.15 మీటర్ల ఎత్తులోనే పెట్టాలి. ఫోన్ కింద ఉంటే కాక్ తాడుకు పైన ఉన్నట్టు కనిపిస్తుంది, పైన ఉంటే కింద ఉన్నట్టు కనిపిస్తుంది. అనవసరంగా గొడవలు వస్తాయి. అయితే ఆరో తరగతిలో మీటరున్నర కూడా లేని పిల్లలకు 1.15 అంటే ఛాతీ దాటిన ఎత్తు. వాళ్లకు ఈ తాడు అక్కర్లేదు. ఎదిగిన తొమ్మిది, పదో తరగతి పిల్లలకు పెట్టండి.

ఇంకో మాట. ప్రతి దెబ్బనూ చూసుకోనివ్వొద్దు. సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో రాసిన ఒక ప్రసిద్ధ సమీక్షలో ఈ విషయమే ఉంది. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చూపిస్తూ పోతే సాధన చేసేటప్పుడు బాగా చేస్తారు కానీ, ఆ చూపించడం ఆపేశాక తగ్గిపోతారు. ఊతకర్రలాగా దాని మీద ఆధారపడిపోతారు. అందుకే మొదటి వారం మూడు దెబ్బలకోసారి, తర్వాత ఆరు దెబ్బలకోసారి, నెల చివరికి వారానికి ఒక్క రోజు పెడతాను. ప్రతి వారం ఒక్క విషయమే చూడమంటాను. ఈ వారం మోచెయ్యి అంటే మోచెయ్యే. పాదాల సంగతి వచ్చే వారం. చూసే ముందు "ఎలా వచ్చిందనుకుంటున్నావు?" అని అడిగి, తర్వాత చూడమంటే ఇంకా మంచిది. తనకు అనిపించినదీ, తెర మీద కనిపించినదీ పిల్లే పోల్చుకుంటుంది. నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు వీడియో అనగానే టెన్షన్ ఉంటుంది. ఉండాలి కూడా. డిలే యాప్‌లలో చాలావాటికి రికార్డు చేసి దాచకుండా చూపించి వదిలేసే వీలుంటుంది. సెట్టింగుల్లో ఒకసారి సరిచూసుకోండి. దాచాల్సిన వీడియో అయితే బడి పరికరంలోనే తీయండి, మన సొంత ఫోన్లో వద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం కోసమే కాదు, ఏడాది మొదట్లో పేరెంట్స్ మీటింగ్‌లో తెరను వాళ్ల ముందే పెట్టి, వాళ్ల అమ్మాయి చేత నాలుగు కాక్‌లు కొట్టించి చూపించండి. మా బడిలో అలా చూపించాక అనుమతి ఇవ్వనన్నవారు లేరు. ఒక అమ్మ తనే బ్యాట్ అడిగి తీసుకుని కొట్టి, తెర దగ్గరికి పరుగెత్తుకెళ్లి చూసుకుంది.

స్లో మోషన్, గీతలు, కోణాలు

ఇది పై దానికి అక్క లాంటిది. మామూలు ఫోన్ వీడియో సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. బ్యాట్ తల సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య అది దగ్గర దగ్గర 67 సెంటీమీటర్లు దాటిపోతుంది. అంటే దాదాపు బ్యాట్ పొడవంత. కాక్ తగిలిన క్షణం అసలు కెమెరాకు చిక్కదు. అదే 240 బొమ్మల స్లో మోషన్‌లో తీస్తే తేడా ఎనిమిది సెంటీమీటర్లే. అందుకని పట్టు, లంజ్, నిలబడే తీరు చూడటానికి మామూలు వీడియో సరిపోతుంది. ముంజేయి తిరగడం, కాక్ ఎక్కడ తగులుతోంది అన్నవి చూడాలంటే స్లో మోషన్ తప్పదు. బయట ఎండలో స్లో మోషన్ చక్కగా వస్తుంది. ఇండోర్‌లో పాత ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది.

తీసినదాన్ని కంప్యూటర్‌లో కినోవియా అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిస్తే ఒక్కో బొమ్మా కదపవచ్చు, కోణం కొలవవచ్చు, రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి ఒకే క్షణంలో ఆపవచ్చు. ఎడమచేతి పిల్ల ఉంటే బొమ్మను అద్దంలో లాగా తిప్పి కుడిచేతి క్లిప్‌తో పోల్చవచ్చు. ఎడమచేతి పిల్లలకు మనం చాలా అన్యాయం చేస్తుంటాం, చూపించేదంతా కుడిచేత్తోనే కాబట్టి. ఈ ఒక్క సదుపాయం కోసమైనా దాన్ని నేర్చుకోండి.

కానీ దీనికి టైమ్ కావాలి. అరవై మందికి చేయలేం. మండల, జిల్లా పోటీలకు వెళ్లే ఆరుగురికో ఎనిమిది మందికో నెలకోసారి చేయండి. ఒక హెచ్చరిక కూడా. వీడియోలు ఏ యాప్‌లో తీసినా మామూలు ఫైల్‌గా వేరే దాచుకోండి. ప్రపంచమంతా కోచ్‌లు వాడిన కోచెస్ ఐ యాప్ 2022లో ఆగిపోయింది. ఏళ్ల తరబడి తీసిన వీడియోలు ఒక్క యాప్ మీద ఆధారపడి ఉండకూడదు.

వీఆర్, సెన్సార్ బ్యాట్లు

బడికి వద్దు. వీఆర్ (కళ్ల ముందే కల్పిత కోర్టు చూపించే) కళ్లజోడు పెట్టుకుంటే చేతికి కాక్ తగిలిన బరువు తెలియదు, ఒక్కసారికి ఒక్కరే ఆడగలరు, మిగతా 59 మంది చూస్తూ కూర్చుంటారు. బ్యాట్‌కి ఉండే సెన్సార్ దెబ్బ వేగం ఎంతో అంకెలో చెబుతుంది. పిల్లలు ఆ అంకె పెంచుకోవడానికి గట్టిగా కొట్టడం మొదలుపెడతారు, పట్టు పాడవుతుంది. నేను ఇంతకుముందు పనిచేసిన బడిలో దాతల డబ్బుతో అలాంటి కిట్ ఒకటి కొన్నారు. ఏడాది తిరిగేసరికి యాప్ సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది, కిట్ బీరువాలోకి వెళ్లింది. ఆ డబ్బుకి నలభై బ్యాట్లు వచ్చేవి. ఇప్పటికీ ఆ బీరువా గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

క్విజ్‌లు

పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కాబట్టి ప్లికర్స్ కార్డులు మంచివి. కాగితం మీద అచ్చు వేసిన కార్డుని జవాబుకి తగ్గట్టు తిప్పి పట్టుకుంటారు, టీచర్ ఫోన్ కెమెరాతో ఒక్కసారి చూస్తే అందరి జవాబులూ వస్తాయి. ఎవరికి అర్థం కాలేదో తెలుస్తుంది, వాళ్ల పేరు బయట పడదు. నేను మాత్రం ఎక్కువగా నాలుగు మూలల ఆట ఆడిస్తాను. స్పీకర్‌లో ప్రశ్న వినిపిస్తాను, కోర్టు నాలుగు మూలలూ నాలుగు జవాబులు. సరైన మూలకు పక్క అడుగులతో వెళ్లి, లంజ్ వేసి, మధ్యకి తిరిగి రావాలి. నియమాలు వస్తాయి, కాళ్ల కదలికా వస్తుంది.

మరి మీరు ఏది తీసుకోవాలి?

మీ దగ్గర ఒక్క ఫోన్ తప్ప ఏమీ లేకపోతే డిలే యాప్‌తో మొదలుపెట్టండి. షటిల్ టైమ్ పాఠాలు మీ కోసం చదువుకోండి. అంతే, వేరే ఏదీ వెతకొద్దు. ఫోన్ నిలబెట్టడానికి స్టాండ్ లేకపోతే ఇటుకల మధ్య పెట్టినా పనవుతుంది, నేను ఏడాది పాటు అలాగే చేశాను.

ప్యానెల్ కూడా ఉంటే వాన రోజుల కోసం ఆగి అడిగే వీడియోలు, గీతల పాఠాలు తయారు చేసి పెట్టుకోండి. బడిలో ట్యాబ్‌లు ఉంటే రెండో, మూడో డిలే తెరలుగా వాడండి. ఒకటి పట్టుకి, ఒకటి లంజ్‌కి, ఒకటి సర్వీస్‌కి. పిల్లలు ఐదు నిమిషాలకోసారి మారుతుంటారు.

ఇరవై మంది లోపు పిల్లలతో ఇండోర్ కోర్టు నడిపేవారికి లెక్క మారుతుంది. వాళ్లకు బ్యాట్ సమయం కొరత లేదు. స్లో మోషన్, కినోవియా వాళ్లకు మొదటి ఎంపిక కావచ్చు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన తర్వాత మన ప్రాంతంలో అకాడమీలు బాగా పెరిగాయి. అక్కడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు ఒక ప్రశ్న అడగండి: "మా పిల్ల ఆటను నెలకు ఎన్నిసార్లు వీడియో తీసి తనకే చూపిస్తారు?" గోడ మీద ఎంత పెద్ద తెర ఉందన్నది తర్వాతి సంగతి.

పూర్వ విద్యార్థులో, దాతలో ఎవరైనా ముందుకొచ్చి "మేడం, షటిల్‌కి ఏం కావాలి?" అంటే ముందు కాక్‌లు అడగండి. నైలాన్‌వి, ఆకుపచ్చ రంగు పట్టీ ఉన్నవి. ఆకుపచ్చ అంటే నెమ్మదిగా వెళ్లేవి. మన వేడికి కాక్ మామూలు కంటే దూరం పోతుంది కాబట్టి కొత్త పిల్లలకు అవే నప్పుతాయి. తర్వాత బ్యాట్లు అడగండి, ఇద్దరికి ఒకటి వచ్చేదాకా. ఆ తర్వాత ఒక ట్రైపాడ్, ఒక మామూలు ట్యాబ్, ఎండలో తెర కనిపించడానికి దాని మీద కప్పే అట్టపెట్టె. అట్టపెట్టె దాత ఇవ్వక్కర్లేదు, కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు. ఒక వైపు కోసి, లోపల నల్ల కాగితం అంటించండి. మధ్యాహ్నం రెండింటికి కూడా బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది.